గడ్డకట్టని నీళ్ళు

ఆమె గురించి నేను రాయకూడదనే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు రాస్తారులే అని ఊరుకున్నాను. కానీ ఆమె పోయిన కొద్దిరోజులకు ఎవరో ఫోన్లో సంతాపసభ పెట్టారు. నేను ఫోను డబ్బాకు ఆనించి సమోసాలు చుడుతూ విన్నాను. ఒక పెద్ద ప్రొఫెసరు గారు గొంతు సవరించుకుని, "నా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్న పిల్ల అది. ఆ మంచు ఖండంలో నేను కనుక్కున్నదాన్ని తన బిడ్డలా చూసుకుంది" అన్నాడు. అని, ఏడ్చాడు. నా చేతిలో సమోసా పగిలి లోపలి కూరంతా బయటికొచ్చింది. ఇక రాయకపోతే పాపమనిపించింది.

నేను బడికి పోలేదు. మా నాయన కడపలో ఇంట్లోనే నాకు ఖురాన్ చెప్పి, ఆ తర్వాత తెలుగు పేపరు ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. అల్లా ఆయనకు స్వర్గం ఇవ్వాలి. ఆ అక్షరాలే ఇవాళ అక్కరకొచ్చాయి.

మేముండేది మస్కట్‌లో, అజైబాలో. మా ఆయన ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. నేను సమోసాలు, కబాబులు చేసి, ఫ్రీజర్లో పెట్టి, అడిగినవాళ్ళకు అమ్ముతాను. దానికోసమే వంటింట్లో మంచమంత డీప్ ఫ్రీజరు కొన్నాం, అల్‌హమ్దులిల్లాహ్. ఆమె మా కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. మనుషుల డాక్టరు కాదు. నీళ్ళలో కంటికి కనబడని ప్రాణులను చదివిన డాక్టరు. ఇక్కడ ఒక ల్యాబులో బోరు నీళ్ళూ సముద్రం నీళ్ళూ పరీక్ష చేసేది. బిల్డింగులో అందరికీ డాక్టరమ్మే.

మొదటిసారి మా తలుపు కొట్టింది నడి ఎండాకాలంలో. ఒంటిమీద స్వెటరు. రెండు చేతులా ఒక ఫ్లాస్కును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, మీ ఫ్రీజరు బాగా పనిచేస్తుందా?"

"మాంసం రాయైపోతుంది డాక్టరమ్మా."

"అదే కావాలి. నాకో మూల ఇయ్యి. అద్దె ఏటి?"

ల్యాబు చేతులు మారిందట. కొత్త యజమాని ఆమె సొంత సామాను చలిగదిలోంచి తీసెయ్యమన్నాడట. నేను నవ్వాను. "పక్కింటోళ్ళకు ఫ్రీజర్లో మూల ఇచ్చి అద్దె అడిగితే మా అత్త నన్ను తిరుగు విమానం ఎక్కిస్తుంది. లోపలికి రాండి."

ఫ్లాస్కులోంచి ఉన్ని మేజోడు బయటికి తీసింది. మేజోట్లోంచి మందపాటి గాజు సీసా. అందులో కొంచెం పసుపుతిరిగిన నీళ్ళు. సమోసా పొట్లాల వెనక దాన్ని నిలబెట్టి, మూత వేసి, ఆ మూత మీద కాసేపు చెయ్యి ఉంచింది. ఎడమచేతి చిటికెనవేలికి చివర లేదు. గోరుండాల్సిన చోట నున్నగా మూసుకుపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే కబాబులు రాళ్ళు, మటన్ రాయి, పచ్చిబఠాణీ గులకరాళ్ళు. ఆ సీసా కదిపితే మాత్రం నీళ్ళు గలగలమన్నాయి. నేను పరుగున కిందికి పోయి, "డాక్టరమ్మా, దానికి చలి ఎక్కలేదు, మా ఫ్రీజరు దానికి చాలదేమో?" అని అడిగాను.

ఆమె పడిపడి నవ్వింది. భూగోళానికి అట్టడుగున, మంచు ఖండంలో, కొండల నడుమ ఒక సరస్సు ఉందట. సముద్రానికి ఎన్నో రెట్లు ఉప్పట. చుట్టూ లోకమంతా గడ్డకట్టినా అది గడ్డకట్టదట. అందులో చేప లేదు, కప్ప లేదు. కంటికి కనబడని ఇవి మాత్రం ఉన్నాయి. "అంత ఉప్పులో, అంత చలిలో, నెలలకొద్దీ సూర్యుడు రాని చోట. తిండి దొరికితే తింటాయి. లేకపోతే ఊరుకుంటాయి."

ఒకరోజు తన మైక్రోస్కోపు మా వంటింట్లోకి తెచ్చి, కింద ఐసు పరిచిన స్టీలు పళ్ళెం పెట్టి, నన్ను చూడమంది. నాకు చుక్కలు కనబడ్డాయి. కదల్లేదు.

"చచ్చిపోయినట్టున్నాయి డాక్టరమ్మా."

"చావలేదు. ఆగాయి. ఆగడం వేరు, చావడం వేరు."

నేను "సుభానల్లాహ్" అన్నాను. "మధ్యలో ఆయనెందుకే" అంది. ఆమె దేవుణ్ణి నమ్మేది కాదు. నేను నమాజుకు లేస్తే మాత్రం మాట మధ్యలోనే ఆపి, నేను వచ్చేదాకా ఆ మాటను అలాగే పట్టుకుని కూర్చునేది. వచ్చాక సరిగ్గా ఆ ముక్క దగ్గర్నుంచే ఎత్తుకునేది.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. శ్రీకాకుళం వైపు ఉప్పుమళ్ళ పక్కన పుట్టిందట. అందుకో ఏమో, జేబులో రాళ్ళుప్పు పెట్టుకుని తిరిగేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పలుకు నాలుక మీద వేసుకునేది. బీపీ కదా అంటే, "నా బీపీకి కారణం ఉప్పు కాదు, ఓడ" అనేది. ఓడ ఏమిటో అప్పటికి నాకు తెలీదు. లిఫ్టు కోసం బటను ఒక్కసారే నొక్కి కదలకుండా నిలబడేది. పదిసార్లు నొక్కేవాళ్ళను చూసి, "వేడిలో పుట్టినవి, తొందర" అని గొణిగేది. ఎవరి ఇంటికీ వట్టి చేతులతో పోయేది కాదు, ఎవరి ఇంట్లోనూ రెండో కప్పు చాయ్ తాగేది కాదు. నా సమోసాలో ఉప్పు చాల్లేదని మాత్రం మొహమాటం లేకుండా చెప్పేది.

ఒక ఏడు తుఫాను వచ్చి కరెంటు పోయింది. మధ్యాహ్నం. ఫ్రీజరు చప్పుడు ఆగిపోగానే కిందినుంచి ఆమె చెప్పులు లేకుండా పైకొచ్చింది. అంత భయపడ్డ మొహం ఆమెకు నేను అంతకుముందు చూడలేదు.

"వేడెక్కితే అయిపోతాయి పిల్లా. ఈ వానకి మనకి చల్లగా ఉన్నా, ఈ గది వాటికి కొలిమి."

మా ఆయన వానలోనే చేపల మార్కెట్టుకు పోయి ఐసు తెచ్చాడు. తెచ్చి, "ఇది సాలదు డాక్టరమ్మా, వట్టి ఐసు వాటికి వేడే గదా" అన్నాడు. ఆమె జేబులోకి చెయ్యి పోయింది. నా చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోయింది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని నవ్వాం. కడపలో మా నాయన ఎండాకాలం కుల్ఫీ కుండ చుట్టూ ఐసులో ఉప్పు కొట్టి తిప్పేవాడు. ఉప్పు పడ్డ ఐసు ఐసుకన్నా చల్లన. మా ఇంట్లో ఉన్న ఉప్పంతా, కింద ఆమె ఉప్పంతా బకెట్లో పోసి సీసాను అందులో కూర్చోబెట్టాం. నా మటన్ పాడైపోయింది, కబాబులు పాడైపోయాయి. సీసా నిలబడింది. కరెంటు వచ్చాక ఆమె ఆ బకెట్టు పక్కనే నేలమీద పడుకుని నిద్రపోయింది.

అంత ప్రాణంగా ఎందుకు చూసుకుంటుందో మా అత్త వల్ల తెలిసింది.

అత్త ఉమ్రాకని మక్కా పోయి, తిరిగొచ్చే దారిలో మా దగ్గర ఆగింది. జమ్‌జమ్ అనే అక్కడి పవిత్రమైన బావి నీళ్ళ డబ్బా తెచ్చింది. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే, కబాబుల కోసం ఫ్రీజరు తెరిచింది. అన్నీ గడ్డకట్టిన చోట ఒక్క సీసాలో నీళ్ళు గలగలమనడం చూసింది. ఇక చూసుకోండి, ఇది జమ్‌జమ్ మహిమే అనుకుంది. సీసా చేతిలోకి తీసుకుని, మక్కా దిక్కుకు, కిబ్లా వైపు తిరిగి, కళ్ళు మూసుకుని బిస్మిల్లా చెప్పి మూత తీసింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికొచ్చింది.

"అత్తయ్యగారూ!" ఆ కేకకు పక్క ఫ్లాటు మలయాళీలు బయటికొచ్చారు.

అత్త అప్పటికే గుక్క పెట్టింది. పెట్టి, మొహమంతా ముడుచుకుపోయి, సింకులో తుపుక్కున ఉమ్మింది. "యా అల్లా! ఇదేం జమ్‌జమ్? మూసీలో పట్టినారా?"

డాక్టరమ్మ సీసా లాక్కుని వెలుగుకు పెట్టి చూసింది. తర్వాత సింకు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. అత్త చాలాసేపు నాలుక గీక్కుని వచ్చి కూర్చుని, ఆమెను కిందినుంచి పైదాకా చూసి అంది: "ఏం బేటీ, గుక్కెడు ఉప్పునీళ్ళకే నన్ను నరికేటట్టు చూస్తివే. ఇది నువ్వు యాడ తెచ్చుకుంటివో నాకు తెల్దు. నీదంతా ఎత్తుకపోయినోడు ఎవడన్నా ఉంటే వాణ్ణి ఇంకేం జేస్తువు?"

అత్త ఊరికే అన్నది. డాక్టరమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది.

అప్పటికి ఆమె చిన్నది. సంతాపసభలో ఏడ్చిన ఆ ప్రొఫెసరు గారి దగ్గరే చదువుతోంది. ఇద్దరూ ఆ మంచు ఖండానికి ఓడలో పోయారు. ఓడ అక్కడికి చేరేసరికి ఆయనకు వాంతులు, భయం. దిగనన్నాడు. హెలికాప్టరు నడిపేవాడితో ఈమె ఒక్కతే ఆ సరస్సు దగ్గరికి పోయింది. గ్లవుజు తీస్తేగాని సీసా మూత పట్టుకు రాలేదు. అక్కడే, ఆ చలికి, వేలి చివర పోయింది. నీళ్ళు తెచ్చింది, చూసింది, రాసింది. పుస్తకాల్లో అచ్చయ్యేసరికి ఆయన కనుక్కున్నట్టు ఉంది. ఈమె పేరు ఎక్కడో కింద, సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పే చోట. అడిగితే, "నీకు భవిష్యత్తు ఉందమ్మా" అన్నాడట. ఆ తర్వాత ఎక్కడ ఉద్యోగం అడిగినా ఇవ్వొద్దని ఆయన మాట ముందే చేరిపోయేది. చివరికి ఇక్కడ బోరు నీళ్ళు.

"వాంతులకని ఆయన అల్లం చాయ్ పెట్టించుకున్నాడు అత్తయ్యగారూ," అంది వేలు చూపించి. "ఆయన ఓడలో అది తాగుతుంటే, నేనిది అక్కడ వదిలేసి వచ్చాను."

మా అత్త ఆ వేలును తన అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత, "మావైపు ఇట్లాంటి వాటికి కత్తులు లేచేవి" అంది.

"కత్తి ఒక్కసారే కదండీ," అంది డాక్టరమ్మ. "నాది రోజూ."

ఆమె రోజూ ఏం చేసేదో నేను కళ్ళారా చూశాను. ఆయన ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా వీడియో వచ్చేది. ఈమె మా సోఫాలో కూర్చుని, ఫోనులో ఆయన గొంతు వినబడకుండా చేసి, ఆయన పెదవులు కదలకముందే తనే చెప్పేది. "ఆ గాలి నా ముఖాన్ని కోసింది... నా వేళ్ళు కొయ్యబారాయి... అయినా నేను వంగి ఆ నీటిని అందుకున్నాను..." ఆయన తెరమీద వంగి చూపించేవాడు. ఈమె సోఫాలో వంగేది. నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. నవ్వు అయ్యాక భయమేసేది.

ఆయన దగ్గర ఉన్న నీళ్ళలోవి ఎప్పుడో చచ్చిపోయాయి. ఎవరో కొత్తగా వచ్చినవాడు మామూలు క్రిముల్లాగే వెచ్చటి పెట్టెలో పెట్టాడట. ప్రాణంతో ఉన్నది ఇక మా సమోసాల వెనకే. అందుకని ఆయనకు శాలువా కప్పిన ప్రతిసారీ, బిరుదు ఇచ్చిన ప్రతిసారీ డాక్టరమ్మ పైకొచ్చి సీసాను ఫొటో తీసి ఆయన ఫోనుకు పంపేది. ఒక్క మాట కూడా రాసేది కాదు. రెండు నీలం గీతలు పడగానే, "చూశాడు" అని ఉప్పుపలుకు నోట్లో వేసుకునేది. ఆ ముఖంలో వెలుగు, రంజాన్ నెలవంక చూసినప్పుడు మా పిల్లల ముఖంలో చూశాను, ఇంకెక్కడా చూడలేదు.

"నలుగురికీ చెప్పొచ్చు గదా డాక్టరమ్మా?" అన్నాను ఒకసారి.

"కాగితాలన్నీ ఆయనవి. నాకున్న సాక్షి ఇదొక్కటే. ఇది మాట్లాడదు. ఆయనే మాట్లాడాలి, ఆయన నోటితో. ఆ ఒక్క మాట వింటే చాలు నాకు."

ఆ మాట వినకుండానే పోయింది. కిడ్నీలు ఆగిపోయాయి. ఆసుపత్రిలో తన ఫోను నా చేతిలో పెట్టి చెప్పింది: "నేను పోయానని తెలిస్తే సీసా కోసం వాడొస్తాడు. కూర్చోబెట్టు. చాయ్ ఇయ్యి. వాడి కళ్ళముందే సీసా సింకులో పొయ్యి."

"అవి ఏం తప్పు చేసినాయి డాక్టరమ్మా? ప్రాణమున్నవి గదా. నా చేత్తో ఎట్ల పోసేది?"

ఆమె కళ్ళు మూసుకుంది. "అయితే పైనున్న నీ ఆయన్నే అడుగు, ఏం చెయ్యాలో" అంది. దేవుణ్ణి గురించి ఆమె అన్న చివరి మాట అదే. సోహార్‌లో ఉన్న హిందువుల శ్మశానంలో దహనం చేశారు. మా ఆయన డ్యూటీకి సెలవు పెట్టి వెంట పోయాడు.

ఆ సంతాపసభ అయ్యాక ప్రొఫెసరు గారు వచ్చాడు. ముందు డాక్టరమ్మ ఫోనుకు చేశాడు, నేను ఎత్తాను. మస్కట్‌లో ఏదో సభ ఉందట, అట్లాగే వచ్చి పోతానన్నాడు. మిఠాయి డబ్బా తెచ్చాడు. రెండో చేతిలో థర్మకోల్ పెట్టె.

మా వంటింట్లో ఏసీ లేదు. పొయ్యి మీద సమోసాల నూనె కాగుతోంది. బల్ల దగ్గర కూర్చోబెట్టి చాయ్ పోశాను. తర్వాత ఫ్రీజరు తెరిచి, సీసాకున్న మేజోడు తీసేసి, బల్ల మీద మా ఇద్దరి మధ్య నిలబెట్టాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచాడు. నేను సీసా మెడ మీద చెయ్యి వేశాను.

"ఒక్క మాట సార్. ఆ సరస్సు కాడికి ఎవరు పోయినారు?"

"మా బృందం వెళ్ళిందమ్మా."

"బృందం సీసా ముంచదు గదా సార్. ఏదో ఒక చెయ్యి ముంచాల."

ఆయన నవ్వాడు, తెలియనివాళ్ళను చూసి నవ్వే నవ్వు. "మీకు అవన్నీ ఎందుకమ్మా? మీకిది ఉప్పునీళ్ళు."

"ఔను సార్. మీ చేతులు ఒకసారి బల్లమీద పెట్టండి."

ఎందుకో తెలియకుండానే పెట్టాడు. పది వేళ్ళు, పది గోళ్ళు. ఒకదానికి పచ్చరాయి ఉంగరం. నేను చూస్తున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

సీసా మీద చెమటలాగా నీటిబొట్లు పట్టాయి. "అమ్మా, ముందు అది లోపల పెట్టండి. వేడెక్కితే..."

"తెలుసు సార్. చెప్పండి."

"నేనూ, ఆమే వెళ్ళాం."

నేను రెండో చేత్తో ఒక వాయి సమోసాలు నూనెలో వేశాను. అప్పుడే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. "ఏమైంది? పెద్దాయనకు చెమటలు పడ్తాండాయి. ఇచ్చి పంపియ్యరాదూ" అన్నాడు.

"సార్ ఏదో చెప్తాండాడు. కూర్చో, విందువు."

మా ఆయన సీసాను చూశాడు, ఆయన్ను చూశాడు. బూట్లు కూడా విప్పకుండా కుర్చీ లాక్కున్నాడు.

"ఆమె ముందు నడిచింది. నేను వెనకాల..."

"ఎంత వెనక సార్?"

గాజు మీది బొట్లు కలిసి కిందికి జారాయి. నాకు భయం పట్టుకుంది. ఆయన కోసం కాదు. యా అల్లా, ఈయన నాలుక తొందరగా తిప్పు, వాటికి ఏ పాపం తెలీదు అని లోపల మొత్తుకుంటున్నాను. చేతిని మాత్రం సీసా మీంచి తియ్యలేదు. బతిమాలితే తీసేదాన్నేమో. ఆయన బతిమాలలేదు, గడియారం చూసుకున్నాడు. అందుకని తియ్యలేదు.

చివరికి ఆయన సీసా వైపే చూస్తూ, సీసాతోనే చెబుతున్నట్టు చెప్పాడు. "నేను ఓడ దిగలేదు. నాకు భయమేసింది. ఆమె ఒక్కతే వెళ్ళింది. తెచ్చిందీ, చూసిందీ, రాసిందీ ఆమే. నేను నా పేరు పెట్టుకున్నాను. చాలా?"

"ఆమెకు ఉద్యోగం రాకుండా?"

"...చెప్పాను. నలుగురికి చెప్పాను."

పొయ్యి ఆపేశాను. సీసా తుడిచి, మేజోడు తొడిగి, ఫ్రీజర్లో అడుగున పెట్టి మూత వేశాను. మూత పడిన చప్పుడుకు ఆయన లేచి నిలబడి, థర్మకోల్ పెట్టె తెరిచి పట్టుకున్నాడు.

"ఇవ్వండమ్మా."

"ఏంది సార్?"

"సీసా."

"ఇస్తానని నేను అన్నానా సార్?"

ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "నిజం చెప్పమన్నారు, చెప్పాను. ఇది అన్యాయం కదండీ!"

మా ఆయన ఎవరిమీదా గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు. "చాయ్ ఐపోయింది గదా సార్. లిఫ్టు ఎడమపక్క" అన్నాడు. మిఠాయి డబ్బా తీసి ఆయన పెట్టెలోనే పెట్టాడు.

ఆయన చెప్పిన మాటలు ఒక్కటీ కలపకుండా, ఒక్కటీ తియ్యకుండా ఇక్కడ రాశాను. మా ఆయన సాక్షి. సీసా ఎవరి చేతికి పోవాలో ఇంకా నాకు తెలియదు. తగినవాళ్ళను అల్లా పంపిస్తాడు, పంపించేదాకా నా ఫ్రీజరు నడుస్తుంది. అడిగితే దారి చూపించినందుకు ఆయనకు వేలవేల శుక్రియాలు.

క్షమించడం గొప్పదని మా నాయన చెప్పాడు. ఆ దువా నా నోటికి ఇంకా రాలేదు. వస్తే చదువుతాను. ప్రస్తుతానికి ప్రతి నమాజు తర్వాతా ప్రొఫెసరు గారి కోసం చేతులెత్తి ఇంకొకటి అడుగుతున్నాను. యా అల్లా, ఆయనకు నూరేళ్ళ ఆయుష్షు ఇవ్వు. కళ్ళు బాగా ఉంచు, చెవులు బాగా ఉంచు. ఆయన జ్ఞాపకశక్తిని మాత్రం రవ్వంత కూడా తగ్గనియ్యకు. ఆమీన్.